గొల్లల అలిఖితవిద్య - మందల వృద్ధి

ద్రాక్షారామ భీమేశ్వరాలయమున గల 11, 12 శతాబ్దముల శాసనములలో ఒక విధమైన దానము పదే పదే కనిపించును. దాత తన పుణ్యము కొఱకో, తన తల్లిదండ్రుల పుణ్యము కొఱకో స్వామికి అఖండదీపము నొకదానిని నిలుపును. దానికై 25 ఆవులనో, 50 గొఱ్ఱెలనో ఒసగును. ఆ పశువులను ఒక పశుపాలకుడు కైకొని, తానును తన కొడుకులును మనుమలును ప్రతిదినమును మానెడు నెయ్యి కొలువ గలవారమని ఒడంబడును. శాసనములు అతనిని పెక్కుచోట్ల ‘బోయ’ యని పేర్కొనుచున్నవి.

ఈ శాసనముల నుండి రాజవంశక్రమమును, శకవర్షములను, పదరూపములను, కొలమానములను మన పండితులు ఎంతో శ్రమించి వెలికిదీసిరి. దాతనుగూర్చి మనకు చాల తెలియును. నెయ్యి కొలిచిన వానినిగూర్చి మాత్రము మనము విచారించినది తక్కువ. అక్షరము నేర్వని ఆ పశుపాలకుడు ఏ విద్యాబలముచే తరతరముల ఒడంబడికకు పూనుకొనెను? ఆ విద్య అతనికి ఎవ్వరివలన అబ్బెను? మంద ఫలసాయమును అది యెంతవరకు నిర్ణయించెను? ఈ మూడు ప్రశ్నలకును శాసనములనుండియు, జానపదగేయముల నుండియు, నేటికిని వాడుకలోనున్న వృత్తిపదముల నుండియు లభించు సమాధానములను సంగ్రహముగా పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

శాసనముల సాక్ష్యము

తమిళదేశపు చోళశాసనములలోను ఇట్టి దీపదానములే కలవు. అచట ఒక దీపమునకు సాధారణముగా 90 లేక 96 గొఱ్ఱెలను నియమించిరి. ఆ గొఱ్ఱెలకు ‘సావా మూవా పేరాడు’ అని పేరు. చావును ముసలితనమును లేని గొఱ్ఱెలని దాని యర్థము. చావని గొఱ్ఱె లోకమున లేదు. అయినను ఆ మాటలో ఒక గట్టి లెక్క యున్నది. చచ్చినదానికి మాఱుగా ఒక పిల్ల పెరిగి రావలెను. ముసలిదాని స్థానమున ఒక పడుచుగొఱ్ఱె నిలువవలెను. మూలధనము తరుగరాదు. నేటి ధర్మనిధులలో అసలు చెడక వడ్డి మాత్రమే వ్యయమగునట్లు, ఆ మందలో తల నిలిచి ఫలము మాత్రమే ఆలయమునకు చేరవలెను.

ఈ నియమమును నెరవేర్చుట సులభముకాదు. దీపము అఖండము, గొఱ్ఱె పాడి ఖండము. ఈనిన కొన్ని నెలలకే గొఱ్ఱె వట్టిపోవును. మంద యంతయు ఒక్కమాఱే ఈని ఒక్కమాఱే వట్టిపోయినచో వేసవిలో నెయ్యి కొలుచుట కష్టమగును. కావున ఈతలు ఒకదాని వెనుక నొకటి వచ్చునట్లు పొట్టేళ్లను ఎపుడు కలుపవలెనో, ఎపుడు వేరుచేయవలెనో తెలిసియుండవలెను. పిల్లకు విడువవలసిన పాలెంత, పితుకవలసిన పాలెంత యను తూకము తెలియవలెను. అత్యాశచే ఎక్కువ పితికినచో పిల్ల చచ్చును. పిల్ల చచ్చినచో కొన్నియేండ్లకు మందయే చచ్చును. శాసనము ఈ మెలకువలలో ఒక్కదానినైనను చెప్పదు. చెప్ప నక్కఱలేకుండెను. అవి వానికి వచ్చునని దాతయు, స్థానాపతులును నమ్మిరి. ఆ నమ్మకమే అతని విద్యకు ఆనాటి సమాజ మొసగిన యోగ్యతాపత్రము.

ఇచట ఒక ఊహాగణితమును చూపుదును. ఒక మందలో 50 తల్లి గొఱ్ఱెలున్నవనుకొందము. ఏటికి 40 పిల్లలు పుట్టిన వనుకొందము. నేర్పరియైన కాపరివద్ద 4 పిల్లలు చచ్చి 36 మిగులును. నేర్పులేని వానివద్ద 12 చచ్చి 28 మిగులును. ముసలివానికి మాఱుగా ఇరువురును ఏటికి 10 పిల్లలను మందలో నిలుపుకొనక తప్పదు. అట్లయిన మొదటివానికి 26, రెండవవానికి 18 మాత్రమే అమ్మకమునకు మిగులును. మేత ఒకటే, నీరొకటే, గొఱ్ఱెల సంఖ్య ఒకటే. రాబడిలో దాదాపు మూడవవంతు తేడా వచ్చినది. ఆ తేడాకు మూలము నేర్పు. ఆలయమునకు కొలువవలసిన నెయ్యి మాఱదు కావున, ఈ తేడా యంతయు కాపరి ఇంటి గింజలమీదనే పడును. ఇదియే అతనిని నేర్చుకొనునట్లు చేసిన నిర్బంధము.

పనిచేయుటవలననే పనితనము పెరుగునని అర్థశాస్త్రవేత్త కెన్నెత్ ఆరో 1962లో సిద్ధాంతీకరించెను. సంప్రదాయ కర్షకుడు తనకున్న వనరులను నేర్పుతోనే వాడుకొనునని, అతని పేదఱికమునకు తెలివితక్కువతనము కారణము కాదని థియొడోర్ షుల్ట్జ్ 1964లో వాదించెను. మన శాసనములలోని కాపరి ఈ రెండు వాదములకును ఎనిమిది, తొమ్మిది శతాబ్దముల ముందటి నిదర్శనము.

మాటలే పాఠములు

అలిఖితవిద్యకు గ్రంథములు లేవు, పదములు కలవు. ఏ వృత్తియందైనను పదసంపద యెచట చిక్కగా నుండునో అచటనే జ్ఞానము చిక్కగా నుండును. పశువు వయస్సును పండ్లనుబట్టి చెప్పుట గొల్లపిల్లవాడు మొట్టమొదట నేర్చు విద్య. పాలపండ్లది, రెండుపండ్లది, నాలుగుపండ్లది, ఆరుపండ్లది అను వరుస అతనికి మన ఎక్కములవంటిది. గొఱ్ఱె రెండుపండ్ల దయినదనగా దానికి ఏడాది దాటినదని, ఇక పొట్టేలుతో కలియుటకు తగినదని యర్థము. ఎదకు వచ్చుట, సూడి, తొలిచూలు, మలిచూలు, ఈనుట, చేపుట, వట్టిపోవుట, గొడ్డు - ఈ వరుసను చూడుడు. పశువుయొక్క సంతాన జీవిత మంతయు ఈ ఎనిమిది మాటలలో ఇమిడియున్నది. ‘చేపుట’ యను ఒక్క మాటనే తీసికొందము. దూడ తల పొదుగుకు తగిలినపుడు ఆవు పాలను విడుచుటకు ఆ పేరు. బలవంతముగా పితికిన పాలు వేఱు, చేపిన పాలు వేఱు అను శారీరధర్మము ఆ క్రియాపదములో దాగియున్నది. మాట నేర్చిన బాలుడు తెలియకయే శాస్త్రమును నేర్చినవా డగుచున్నాడు.

తెలుగు సాహిత్యము ఈ విషయమును గుర్తింపక పోలేదు. కూచిపూడి సంప్రదాయమున ప్రసిద్ధమైన గొల్లకలాపములో గొల్లభామ బ్రాహ్మణునితో వాదమునకు దిగి పిండోత్పత్తి క్రమమును వివరించును. అందలి తత్త్వార్థము వేదాంతపరమైనదే. కాని గర్భధారణమునుగూర్చి పండితునికి పాఠము చెప్పుటకు కవి గొల్లవనితనే యేల ఎన్నుకొనెను? ఈనుటయు పుట్టుటయు నిత్యము చేతులతో ఎఱిగిన యామె నోట ఆ మాటలు ఒప్పునని ప్రేక్షకులు అంగీకరించుట ఒక కారణమై యుండునని నా తలంపు.

రాయలసీమలో ఒక వేసవియందు చేలలో కట్టిన గొఱ్ఱెలమంద వద్ద రెండు రాత్రులు గడపు నవకాశము నాకు లభించినది. ఒక వృద్ధుడు విత్తనపు పొట్టేలును ఎన్నుకొనుచుండెను. బలిసిన పిల్ల యొకటి ఎదుటనే యుండగా దానిని విడిచి, అంతకంటె చిన్నదానిని ఆయన చేరదీసెను. కారణమడుగగా, “పిల్లను చూస్తే ఏం తెలుస్తాది సారూ, దాని తల్లిని చూడాల” అని, ఆ తల్లి మూడు ఈతలలోను పిల్లలకు పాలు చాలించిన వైనమును, దాని తల్లి గుణమును సహా వివరించెను. ప్రక్కన పదునెనిమిదేండ్ల మనుమడు మాటాడక వినుచుండెను. అది పాఠమని వారిరువురిలో నెవ్వరికిని తోచలేదు. వంశావళిని చూచి విత్తనమును ఎన్నుకొనవలెనను ప్రజననశాస్త్ర సూత్రము నా కన్నులయెదుట ఒక తరమునుండి మఱియొక తరమునకు చేరినది.

మందలో నేర్చుకొనువారు మనుష్యులు మాత్రమే కారు. ఆవు చేలో మేసిన దూడ గట్టున మేయదను సామెత మనకు చిరపరిచితము. దానిని మనము నీతికొఱకు వాడుదుము. గొల్లలకది వృత్తిసత్యము. ఏ ఆకు తినదగినది, ఏది విడువదగినది, ఎండలో ఎచట నీడ పట్టవలెను అనునవి గొఱ్ఱెపిల్ల తల్లివెంట తిరుగుచు నేర్చుకొనును. పశువుల మేతలవాట్లపై జరిగిన ఆధునిక పరిశోధనలును ఈ విషయమును ధ్రువపఱచినవి. ఒక ప్రాంతమున పెరిగిన మంద ఆ ప్రాంతపు మేతను ఎఱిగిన మంద. ఈ యంశము వ్యాసాంతమున మరల అవసర మగును.

వినికిడి బడి

పనివెంట పని నేర్చుట యొక భాగము. వినుట మఱియొక భాగము. గొల్లలను ఆశ్రయించి జీవించు గాయకవర్గములు తెలుగునాట పెక్కు కలవు. కాటమరాజు కథను పాడు కొమ్ములవారు, బొమ్మలతో కథ చెప్పు మందహెచ్చులవారు, తెలంగాణమున బీరప్ప, మల్లన్నల కథలను చెప్పు ఒగ్గుకథకులు ఇందు ముఖ్యులు. ‘మందహెచ్చు’ అను పేరులోనే మంద వృద్ధిపొందవలెనను ఆశంస వినిపించుచున్నది. గొఱ్ఱెలు పుట్టనుండి వెలువడెనను పురాణకథ కురుమలలో ప్రసిద్ధము. దానిని మూఢవిశ్వాసమని త్రోసివేయుట తేలిక. పుట్టకు పాలుపోయు పండుగనాడు చుట్టుప్రక్కల కాపరు లందఱును ఒకచోట కూడుదురను సంగతి మఱవరాదు. కొమురవెల్లి, అయినవోలు మల్లన్న జాతరలును, రెండేండ్లకొకమాఱు సూర్యాపేటకు సమీపమున దురాజ్‌పల్లిలో జరుగు పెద్దగట్టు లింగమంతుల జాతరయు ఇట్టి కూడికలే. ఏ దారిలో మేత యున్నది, ఏ యూర రోగము సోకినది, ఎవనివద్ద మంచి పొట్టే లున్నది అను వార్తలు అచట చేతులు మాఱును. దేవుని కొల్వు వృత్తికొలువుగా గూడ ఉపకరించినది.

కాటమరాజు కథనే కొంచెము నిలిచి చూతము. తంగిరాల వెంకటసుబ్బారావుగారు ఈ కథాచక్రమును సంపాదించి పరిష్కరించి మన పరిశోధనకు మహోపకారము చేసిరి. కథాసారము విదితమే. కఱవు వచ్చి మేత నశింపగా కాటమరాజు తన మందలను నెల్లూరి సీమ బీళ్లకు తోలుకొని వచ్చును. మేతకు ప్రతిఫలముగా మందలో పుట్టిన కోడెదూడలను నల్లసిద్ధికి ఇచ్చునట్లు ఒడంబడిక జరుగును. పిమ్మట అది చెడి, పుల్లరి తగవు ఎఱ్ఱగడ్డపాటి యుద్ధముగా పరిణమించును. నెల్లూరి పక్షమున ఖడ్గతిక్కన పోరాడి నేలకొరగును. దీని చారిత్రక బీజము 13వ శతాబ్దికి చెందినదని పండితుల యభిప్రాయము.

వీరరసము మన దృష్టిని ఆకర్షించుటచే ఆ యొడంబడికలోని వివేకము మఱుగుపడినది. కోడెలనే యేల ఈయ నొప్పుకొనిరి? మంద వృద్ధి పెయ్యలమీద ఆధారపడును. కోడెలలో కొన్ని ఆబోతులు నిలిచిన చాలును. రాజునకు దుక్కికి ఎడ్లు కావలెను. గొల్లకు మంద నిలువవలెను. మిగులు కోడెలను ఇచ్చుటవలన మూలధనము చెడదు. ఇరువురకును లాభమైన ఇట్టి పన్నును ఊహించుటకు పశుసంతాన గణితము చక్కగా తెలిసియుండవలెను. ఆ గణితమును ప్రతి తరపు గొల్లబాలుడు యుద్ధకథ వినుచునే వినెను.

మేతబాటలు - పుల్లరి

గొల్లవిద్యలో అత్యంత విలువైన భాగము మేతబాటల జ్ఞానము. తొలకరికి ఏ మెట్ట ముందుగా పచ్చబడును, కోతలైన పిమ్మట ఏ మాగాణి ఏ పక్షమున ఖాళీ యగును, ఏ రైతు మందకట్టినందుకు గింజలు సరిగా కొలుచును అను విషయములు కాపరి తలలో పంచాంగమువలె నుండును. రాత్రివేళ చేలో మంద నిలిపినచో పెంటికలును మూత్రమును నేలకు బలమగును. ఆ యెరువునకు ప్రతిఫలము ధాన్యరూపమున గాని ధనరూపమున గాని కాపరికి లభించును. నడకయే అతని పొలము.

ఏ నేల మేపరాదో తెలియుటయు ఇందులోని భాగమే. చెఱువుల అంచున గల చిత్తడినేలలో మేసిన గొఱ్ఱెలు జలగవ్యాధిచే చిక్కిపోవుననుట అనుభవముచే తెలిసిన విషయము. ఆ జలగ నత్తలయందు పెరిగి గడ్డికి అంటుకొని గొఱ్ఱె కాలేయమును చేరునని శాస్త్రము చెప్పినది. నత్త సంగతి తెలియకున్నను చిత్తడికి దూరముగానుండు నియమమును కాపరులు ఏర్పఱచుకొనిరి. తొలకరి లేతగడ్డిని ఆబగా మేసిన గొఱ్ఱె చిటుకవేసినంతలో పడిపోవుటచే ఆ జబ్బునకు చిటుకరోగమని పేరు. వానకు తడిసిన క్రొత్తపచ్చికలోనికి మందను ఒక్కమాఱే విడువక కొంచెము కొంచెముగా అలవాటుచేయుట దానికి వారి విరుగుడు. వాడిన లేతజొన్నలో విషముండుననియు వారెఱుగుదురు.

బాటలు మూసికొన్నపుడు ఈ జ్ఞానము నిరుపయోగ మగును. 1882 నాటి మద్రాసు అటవీచట్టముచే అడవులు రక్షితములై మేతకు అనుమతులును రుసుములును వచ్చినవి. 1921లో పల్నాటి పల్లెలు పుల్లరి నిరాకరించినవి. 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు తుపాకిగుండ్లకు బలియయ్యెను. కాటమరాజు కథలోని మాటయే ఏడువందల యేండ్ల పిమ్మట ఉద్యమనినాద మగుట యాదృచ్ఛికము కాదు. పుల్లరి యన్నది గడ్డిమీది పన్ను మాత్రమేకాక, తరతరములుగా నేర్చిన బాటమీది పన్నుగాను కాపరులకు తోచినది. సంచార పశుపాలకుల ఋతుమేత హక్కును గుర్తించు నిబంధన 2006 నాటి అటవీహక్కుల చట్టమున చేరినది.

అలిఖితవిద్యకు హద్దులు

ఈ విద్యను కీర్తించుచు దాని లోపములను మఱుగుపఱచుట పరిశోధకధర్మము కాదు. పశువుకు జబ్బుచేసినపుడు కాల్చిన ఇనుముతో వాతలు పెట్టుట బాధను పెంచెనే కాని చాలసార్లు రోగమును పోగొట్టలేదు. గొఱ్ఱెల మశూచిని అమ్మతల్లి యని భావించి మ్రొక్కులతో కాలము గడపుటచే మంద మందయే నశించిన సందర్భములు లేకపోలేదు. కంటికి కనబడు కార్యకారణములను అనుభవము పట్టుకొనగలదు. కంటికి కనబడని క్రిమిని పట్టుకొనజాలదు.

ముసరవ్యాధి దీనికి గొప్ప నిదర్శనము. రోగము సోకిన యూరికి పోకుండుట, సోకిన పశువును వేరుచేయుట - ఇంతవరకే పాతవిద్య చేయగలిగెను. 1889లో పూనాలో నెలకొని 1893లో ముక్తేశ్వరమునకు మాఱిన పరిశోధనాలయము, 1903లో నెలకొన్న మద్రాసు పశువైద్య కళాశాల, పిమ్మట వచ్చిన టీకాలు ఆ కార్యమును సాధించినవి. 2011లో ఆ వ్యాధి భూమిమీదనుండి నిర్మూలింపబడినదని ప్రకటింపబడెను. కాని టీకా వేయవలసిన మంద ఏ నెలలో ఏ బాటమీద నుండునో చెప్పగలవాడు కాపరియే. రెండు విద్యలు ఒకదానినొకటి ఆశ్రయించినచోట ఫలము నిశ్చయము. ఒకటి మఱియొకదానిని చిన్నచూపు చూచినచోట నష్టము నిశ్చయము.

తెగుచున్న గొలుసు

ఈ చర్చ గతకాలపు ముచ్చట మాత్రమే యని తలపరాదు. 2019 పశుగణనము ననుసరించి తెలంగాణమున 1.9 కోట్లకు మించియు, ఆంధ్రప్రదేశమున 1.7 కోట్లకు మించియు గొఱ్ఱెలుండెను. దేశమునందలి 7.4 కోట్ల గొఱ్ఱెలలో ఇది దాదాపు సగము. ఇంతటి సంపద ఎవరి నేర్పుమీద నిలిచియున్నదో, ఆ నేర్పు నేడు చివరితరము చేతిలో నున్నదని పలువురు పెద్దలు వాపోవుచున్నారు. గొల్లబిడ్డలు బడికి పోవుచున్నారు. పోవలెను, వారిని మందవెంట నిలుపవలెనని కోరుటకు మన కధికారము లేదు. అయినను బడిలో వారికి లభించు చదువులో వారి తాతల విద్యకు ఒక్క పుటయైనను లేకుండుట న్యాయము కాదు. తాను ఎఱిగినది విద్య కాదని బాలునికి పదేండ్లు నేర్పినచో పదునొకండవ యేట అతడు దానిని మఱచుటయే కాక దానికై సిగ్గుపడును.

2017లో తెలంగాణ ప్రభుత్వము 20 గొఱ్ఱెలను ఒక పొట్టేలును ఒక యూనిట్టుగా, నూటికి 75 వంతుల రాయితీతో పంపిణీచేయు పథకమును ప్రారంభించినది. ఆ గొఱ్ఱెలలో పెక్కింటిని ఇతర రాష్ట్రములనుండి కొని తెచ్చిరి. ఉద్దేశము మంచిదే. కాని పైని చెప్పిన విషయమును స్మరింపుడు. వేఱొకచోట పెరిగిన గొఱ్ఱె ఈ నేలమేతను నేర్చినది కాదు. దానిని మేపువాడు ఆ గొఱ్ఱె తల్లిని చూచినవాడు కాడు. తలలను లెక్కించి ఈయవచ్చును, తరముల ఎఱుకను లెక్కించి ఈయజాలము. ఇట్టి ప్రయత్నములు చేయుచోట ముందుగా ఆ యూరి కాపరి మాట వినుట, క్రొత్తమందను పాతమందతో కలిపి నెమ్మదిగా అలవాటుచేయుట ఖర్చులేని పనులు.

మన శాఖలు చేయదగిన పని యొకటి యున్నది. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయసంపుటము, 1971లో వెలువడిన చేనేతసంపుటము మనకు మార్గమును చూపినవి. ఆ మార్గముననే ప్రతి జిల్లాలోను మందలవద్దకు పోయి పండ్లవరుసను, రంగులపేర్లను, రోగములపేర్లను, గడ్డిపేర్లను, బాటలపేర్లను సేకరింపవలెను. పదమును మాత్రమే వ్రాసికొని వచ్చుట చాలదు. ఆ పదమును ఎవరు ఎవరికి ఏ పనిచేయుచు చెప్పిరో, దానిని తెలియకున్నచో మందకు కలుగు నష్టమేమో గూడ వ్రాసికొనవలెను. పశువైద్యకళాశాలల వారితో కలిసి ఈ పనికి పూనుకొన్నచో మన కోశము వారికిని, వారి శాస్త్రము మనకును ఉపకరించును.

శాసనములలోని కాపరి మనుమల మనుమలవరకు మాట యిచ్చెను. ఆ మాటకు ఆధారమైన విద్యను వ్రాసి యుంచవలసిన యవసరము అతనికి కలుగలేదు, వినువాడు ప్రక్కనే యుండెను గనుక. నేడు ఆ ప్రక్కచోటు ఖాళీ యగుచున్నది. పరిశోధక విద్యార్థులు కొందఱైనను కొన్ని వేసవులు అచట కూర్చుండి వినవలెనని నా విన్నపము.